కర్తవ్యనిష్ఠకు సన్మాన పత్రం రాయడం: కాంట్ చూపే దారి

అనంతపురం జిల్లాలోని ఒక పల్లెలో ఇరవై ఏళ్లపాటు వాల్వు తిప్పి, వీధివీధికీ వంతుల ప్రకారం నీళ్లు వదిలిన ఒక ఉద్యోగి పదవీ విరమణ చేస్తున్నారని, సన్మాన పత్రం మీరే రాయాలని అనుకుందాం. ‘అపర భగీరథులు’, ‘కరుణామూర్తి’ అని మొదలుపెట్టడం మనకు అలవాటు. ఎవరికైనా సరిపోయే ఆ మాటల్లో ఆయన కనిపించరు. జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ (1724–1804) 1785 నాటి తన నీతిశాస్త్ర గ్రంథంలో చూపిన ఒక భేదం ఇక్కడ ఎంతో ఉపకరిస్తుంది.

కర్తవ్యానికి అనుగుణంగా నడవడం వేరు, కర్తవ్యం కనుకనే నడవడం వేరు. చిన్నపిల్లలకు కూడా సరైన ధరకే సరుకిచ్చే దుకాణదారుడు బేరం నిలబడాలనే అలా చేస్తూ ఉండవచ్చునంటాడు కాంట్. కాబట్టి ముందుగా ఆ వీధులవారినీ తోటి ఉద్యోగులనూ కలిసి, ధర్మం ఒకవైపు, ఇష్టమో భయమో మరొకవైపు లాగిన ఒక్క సంఘటనను వెతకండి. బోర్లు అడుగంటిన వేసవిలో, తన ఇంట్లోనే పెళ్లి జరుగుతున్నా, ఊరి చివరి కాలనీ వంతులోంచి పావుగంట కూడా తన వీధికి మళ్లించుకోని రోజు దొరికితే, పత్రంలో సగం దానికే ఇవ్వండి. ఏ సంవత్సరమో, ఏ వీధో రాయండి. ఎవరు ఒత్తిడి చేశారో కాకుండా, ఏమని ఒత్తిడి చేశారో చెప్పండి. అవసరమున్న ప్రతివారూ వంతు తప్పించవచ్చునంటే వంతు అనే మాటే మిగలదు. మన నియమం అందరికీ నియమం కాగలదా అని కాంట్ అడిగే ప్రశ్నకు ఆయన వాల్వు దగ్గర నిలబడి జవాబు చెప్పారు.

‘మీ మనసులో స్వార్థమే లేదు’ అని మాత్రం రాయకండి. మన ఉద్దేశాలు మనకే పూర్తిగా తెలియవని కాంట్ స్వయంగా హెచ్చరించాడు. ‘నష్టం వస్తుందని తెలిసిన రోజున కూడా మీరు వంతు తప్పలేదు’ అంటే కళ్లతో చూసిన సత్యమే చెప్పినట్లవుతుంది.

‘త్యాగం’, ‘దయ’ అనే మాటలను కూడా పొదుపుగా వాడండి. మామూలు కర్తవ్యాన్ని వదిలి అసాధారణ ఘనకార్యాలనే పొగిడే ధోరణిని కాంట్ 1788 నాటి గ్రంథంలో తప్పుపట్టాడు. కాలనీవారికి అందిన నీళ్లు వారి హక్కు. వాటిని దానమని పిలిస్తే వారినీ ఆయననూ కూడా తగ్గించినట్లే. నిష్కామ కర్మతో పోల్చాలనిపిస్తే ఒక్క వాక్యం చాలు. గీతలోని ఈశ్వరార్పణ భావం, బుద్ధి తనకు తానే విధించుకునే కాంట్ నియమం ఒకటి కావు.

శాలువా కప్పే రోజుకు ముందే పత్రాన్ని ఆయనకు చదివి వినిపించండి. మనిషిని కేవలం సాధనంగా వాడరాదన్న కాంట్ సూత్రం పొగడ్తకూ వర్తిస్తుంది. ఆ సంఘటన సభలో చెప్పవద్దని ఆయన అంటే, దాన్ని తీసేసి మళ్లీ వీధుల్లోకి వెళ్లి మరొకటి అడిగి తెలుసుకోండి.