బ్యాంకు రోల్స్‌లో వెండి నాణేలు వెతకడం ఎలా?

అమెరికాలో బ్యాంకుకు వెళ్లి పది డాలర్లిస్తే 20 హాఫ్ డాలర్ నాణేలున్న కాగితం రోల్ చేతిలో పెడతారు. అందులో వెండి దొరికితే అదృష్టం. దొరక్కపోతే మళ్లీ డిపాజిట్ చేసుకోవచ్చు. పోయేదల్లా కాస్త టైమూ, కారులో పెట్రోలూ.

1. ఏవి అడగాలి?

1964 దాకా డైమ్ (10 సెంట్లు), క్వార్టర్ (25 సెంట్లు), హాఫ్ డాలర్ (50 సెంట్లు) మూడింటిలోనూ 90 శాతం వెండి ఉండేది. 1965లో చట్టం మారి మొదటి రెండింట్లో వెండి తీసేశారు. హాఫ్ డాలర్‌లో మాత్రం 1970 దాకా 40 శాతం ఉంచారు. పైగా ఈ నాణెం షాపుల్లో పెద్దగా తిరగదు, కాబట్టి పాతవి ఎవరి కంటా పడకుండా మిగిలి ఉండొచ్చు. అందుకే నా ఓటు హాఫ్ డాలర్‌కే.

2. ఎలా అడగాలి?

మీకు ఖాతా ఉన్న బ్యాంకులోనే, రద్దీ లేని వేళ అడగండి. మెషీన్ చుట్టినవాటికంటే కస్టమర్లు చేత్తో చుట్టి తెచ్చినవి మేలు. ఏ తాతగారి డబ్బాలోంచో వచ్చి ఉండొచ్చు! టెల్లర్ (కౌంటర్‌లో ఉండే ఉద్యోగి) సొరుగులో విడిగా పడి ఉన్నవి కూడా అడగండి.

3. ముందు అంచు, తర్వాత తేదీ

కాగితం విప్పి, నాణేలను దొంతరగా పేర్చి దీపం కింద అంచులు చూడండి. మామూలు నాణేనికి అంచు మీద ఎర్రటి రాగి గీత కనిపిస్తుంది. 90 శాతం వెండిదైతే చుట్టూ తెల్లగా ఉంటుంది. 40 శాతానిది తికమక పెడుతుంది, కాబట్టి ప్రతి నాణెం మీదా సంవత్సరం చూడాల్సిందే. చిన్న డిజిటల్ తూకం ఉంటే ఇంకా మంచిది: 90 శాతానిది 12.5 గ్రాములు, 40 శాతానిది 11.5, వెండి లేనిది 11.34. అరిగినవి కాస్త తక్కువ తూగుతాయి.

అమెరికా స్వాతంత్ర్యానికి 200 ఏళ్లు నిండిన గుర్తుగా 1776–1976 అని రెండు సంవత్సరాలు వేసిన నాణెం చూసి నేను ఒకసారి తెగ సంబరపడి ఇంటి వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టేశాను. కానీ చలామణికి వదిలిన వాటిలో వెండి లేదు. వెండివి ‘ఎస్’ అక్షరంతో (శాన్ ఫ్రాన్సిస్కో మింట్, అంటే టంకశాల, గుర్తు), సేకరించేవాళ్లకు విడిగా అమ్మారు.

4. ముద్రణలో తేడాలు

వెండి లేకపోయినా ముద్రణలో తేడా ఉన్నవీ, అరుదైనవీ సేకరించేవాళ్లకు కావాలి. వాటిని పట్టడానికి పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు. 1974 ‘డి’ (డెన్వర్ మింట్) హాఫ్ డాలర్ మీద అక్షరాలు జంటగా పడ్డాయేమో చూడండి. 1982 ‘పి’ (ఫిలడెల్ఫియా మింట్) హాఫ్ డాలర్‌లో వెనకవైపు గద్ద తోక దగ్గర ‘ఎఫ్‌జీ’ అనే డిజైనర్ పొడి అక్షరాలు లేకపోతే పక్కన పెట్టండి. క్వార్టర్లు తెచ్చుకుంటే 2019, 2020 వాటి మీద ‘డబ్ల్యూ’ వెతకండి. అది వెస్ట్ పాయింట్ మింట్ గుర్తు, మన నాణేల మీద హైదరాబాద్ మింట్‌కు నక్షత్రం ఉన్నట్టు. ఒక్కో డిజైన్‌లో 20 లక్షలే వేశారు.

5. దొరికాక

ఇంట్లో కుంకుమభరిణెను విభూతితో తోమినట్టు తోమకండి, విలువ పడిపోతుంది. మిగిలినవి రోల్స్ కొన్న బ్యాంకులో కాకుండా వేరే బ్యాంకులో వేయండి. లేకపోతే వచ్చే వారం అవే నాణేలు మళ్లీ మీ చేతికే రావచ్చు.