రిటైరయ్యాక ఎంఏ చదవాలంటే: ఇగ్నో దరఖాస్తు ఇలా

"ఈ వయసులో సీటు ఇస్తారా?" మా పెన్షనర్లలో ఎవరితో మాట కలిపినా ముందు ఇదే అడుగుతారు. ఇస్తారు. మనం ఇగ్నో అని పిలిచే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బీఏ, ఎంఏ లాంటి మామూలు కోర్సులకు గరిష్ఠ వయోపరిమితి లేదు. ఎంట్రన్స్ కూడా లేదు. ఇబ్బందంతా మన కాగితాలతోనే. నలభై ఏళ్ల కిందటి మెమోకూ ఇప్పటి ఆధార్‌కూ పేరు కలవదు. అందుకే పోర్టల్ తెరవడానికి ముందు బీరువా తెరవండి.

ముందుగా మీడియం సంగతి. ఇగ్నోలో ఎక్కువ కోర్సులు ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటాయి. తెలుగులో చదివి తెలుగులో రాయాలనుకుంటే హైదరాబాద్‌లోని డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వైపు చూడండి. 1982లో మొదలైన ఇది దేశంలోనే మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ. దాని తొలి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి గారే 1985లో వచ్చిన ఇగ్నోకూ తొలి వైస్ ఛాన్సలర్. ఇక్కడ చెబుతున్నది మాత్రం ఇగ్నో పద్ధతి.

ఏ కోర్సు తీసుకోవాలో తేలకపోతే ఫీజు కట్టకముందే పుస్తకాలు చూడొచ్చు. ఇగ్నో పాఠాలు ఈజ్ఞానకోశ్ అనే సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. నేను ఎంఏ హిస్టరీ, ఎంఏ ఫిలాసఫీ మధ్య నెల రోజులు ఊగిసలాడాను. ఫిలాసఫీ మొదటి బ్లాకు ఇరవై పేజీలు చదివేసరికి నిద్ర ముంచుకొచ్చింది. హిస్టరీలో చేరాను.

అడ్మిషన్లు ఏడాదికి రెండుసార్లు, జనవరి సెషన్‌కూ జులై సెషన్‌కూ. గడువు తరచూ పొడిగిస్తుంటారు కానీ ఆ ధీమాతో కూర్చోవద్దు. చివరి రోజుల్లో సైట్ నత్తనడక నడుస్తుంది.

ఇక అసలు వరస. డిగ్రీ, పీజీ కోర్సులకు ముందుగా ఏబీసీ ఐడీ (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్, అంటే మన చదువు క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు) కావాలి. డిజిలాకర్‌లో ఆధార్‌తో లాగిన్ అయితే పన్నెండు అంకెల నంబరు వస్తుంది. దాంతో యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో సైట్‌లో డెబ్ ఐడీ తీసుకోవాలి. ఆ తర్వాతే ఇగ్నో అడ్మిషన్ పోర్టల్. ఈ వరస తెలియక నేరుగా ఇగ్నో ఫారం తెరిస్తే మధ్యలో ఆగిపోతారు.

మన వయసువాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఈ రెండు ఐడీల దగ్గరే. ఓటీపీ ఆధార్‌కు లింకైన ఫోన్‌కే వస్తుంది. ఆ నంబరు ఎప్పుడో ఇంట్లో ఎవరో వాడి వదిలేసినదైతే ముందు ఆధార్ సెంటర్‌కు వెళ్లి మార్పించుకోండి. రెండోది పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా. ఆడవాళ్లకైతే మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటిది. మా ఆవిడ విషయంలో పుట్టిన తేదీ కూడా కలవలేదు; ఆధార్ తీసినప్పుడు ఎవరో జనవరి 1 అని వేసేశారు. మార్పించుకోగలిగినవి ముందే మార్పించుకోండి. కుదరకపోతే ఫీజు కట్టకముందు రీజనల్ సెంటర్‌లో కాగితాలు చూపించి అడగండి. మనకు హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో రీజనల్ సెంటర్లు ఉన్నాయి.

పోర్టల్‌లో రిజిస్టర్ అయ్యాక కోర్సు, రీజనల్ సెంటర్, స్టడీ సెంటర్ ఎంచుకోవాలి. స్టడీ సెంటర్ బస్సు సౌకర్యం చూసి పెట్టుకోండి. ఫొటో, సంతకం ఒక్కోటి 100 కేబీ లోపు, సర్టిఫికెట్లు 200 కేబీ లోపు ఉండాలి. పాత మెమోలు లామినేషన్ చేయించి ఉంటే ఫోన్‌తో ఫొటో తీసినప్పుడు లైటు పడి అక్షరాలు మాయమవుతాయి. పగలు కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా తీయండి, లేదంటే స్కాన్ చేయించండి. ఎంఏకైతే డిగ్రీ సర్టిఫికెట్, మార్కుల మెమో తప్పనిసరి.

పుస్తకాలు ప్రింట్‌లో కావాలా, డిజిటల్‌లోనా అని అడుగుతారు. డిజిటల్‌కు ఫీజులో కొంత తగ్గిస్తారు. కళ్లద్దాలున్న మనకు ప్రింటే నయమని నా మాట. ఫీజు కార్డుతోనో, యూపీఐతోనో, నెట్ బ్యాంకింగ్‌తోనో కట్టొచ్చు. చివరగా వచ్చే ఫారం ప్రింట్ తీసి దాచుకోండి.

నెట్ సెంటర్‌లో చేయించుకునేవారికి ఒక హెచ్చరిక. నా దరఖాస్తు నింపిన కుర్రాడు తొందరలో తన ఈమెయిల్ ఐడీ పెట్టేశాడు. సర్టిఫికెట్ మసకగా ఉందని, మళ్లీ అప్‌లోడ్ చేయమని వచ్చిన మెసేజ్ అతని ఇన్‌బాక్స్‌లో రెండు వారాలు పడి ఉంది. ఫోన్ నంబరు, మెయిల్, పాస్‌వర్డ్ మూడూ మీవే అయ్యుండాలి. కాగితం మీద రాసుకుని వెళ్లండి, సబ్మిట్ నొక్కే ముందు స్క్రీన్ మీ వైపు తిప్పమనండి.

అడ్మిషన్ ఖరారైతే ఎన్‌రోల్‌మెంట్ నంబరు వస్తుంది. చాలా కోర్సుల్లో 30 శాతం మార్కులు అసైన్‌మెంట్లకు, 70 శాతం పరీక్షకు. పరీక్షలు జూన్‌లో, డిసెంబర్‌లో. పరీక్ష ఫారం, దాని ఫీజు మళ్లీ వేరే. ఎంఏకు కనీసం రెండేళ్లు పడుతుంది, నాలుగేళ్ల వరకు సమయం ఉంటుంది కాబట్టి మోకాళ్ల ఆపరేషన్ మధ్యలో వచ్చినా కంగారు లేదు.

ఇంకొకటి చాలామంది మరిచిపోతారు. రెండో ఏడాదికి రీ-రిజిస్ట్రేషన్ మనమే చేసుకోవాలి. మొదటి ఏడాది పరీక్షలు రాయకపోయినా, తప్పినా సరే, గడువులోగా ఫీజు కట్టాల్సిందే. నేను కేలండర్‌లో లైఫ్ సర్టిఫికెట్ తేదీ పక్కనే ఈ తేదీ కూడా ఎర్ర సిరాతో రాసిపెట్టుకున్నాను.