పాత కథను కొత్తగా మలిచే ముందు ఏ పొర ఎవరిదో చూసుకోండి

నేను పాత కథలను ఆడియో నాటకాలుగా రాస్తుంటాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ముందు అడిగేది, "ఈ కథ పబ్లిక్ డొమైన్‌లో ఉందా?" అని, అంటే కాపీరైట్ గడువు తీరి అందరిదీ అయిందా అని. నేను తిరిగి అడుగుతాను: మీ మనసులో ఉన్నది పుస్తకంలో చదివిన కథా, సినిమాలో చూసిన కథా? మూల కథ, దాని సినిమా, దాని అనువాదం ఒక్కోటీ ఒక్కో పొర, దేని హక్కు దానిదే.

ఫ్రాంకెన్‌స్టైన్‌నే తీసుకోండి. మేరీ షెల్లీ నవల 1818లో వచ్చింది, ఆవిడ 1851లో పోయారు. ఆ నవలను ఎవరైనా వాడుకోవచ్చు. కానీ అందులో ఒక శాస్త్రవేత్త తయారుచేసిన వికృతజీవి బొమ్మ గీయమంటే చాలామంది చదునైన నెత్తి, మెడకు రెండువైపులా బోల్టులు గీస్తారు. అవి నవలలో ఎక్కడా లేవు. 1931లో యూనివర్సల్ తీసిన సినిమా మేకప్‌లో పుట్టాయి. అమెరికాలో ఆ సినిమాపై కాపీరైట్ హక్కు 2026 చివరి దాకా ఉంది. నవలలోని జీవికి పసుపు పచ్చని చర్మం, నిగనిగలాడే నల్లటి జుట్టు, తెల్లటి పళ్లు ఉంటాయి. చాటునుంచి ఒక కుటుంబం మాటలు వింటూ భాష నేర్చుకుంటాడు, పుస్తకాలు చదువుతాడు, తనను చేసినవాణ్ని నిలదీస్తాడు. ఇంత సరుకు ఎవరి అనుమతీ లేకుండా దొరుకుతుంటే బోల్టుల కోసం టెన్షన్ పడటం దేనికి?

డొరొతీ అనే అమ్మాయి మాయలోకానికి వెళ్లే 'విజార్డ్ ఆఫ్ ఓజ్' కథలోనూ అంతే. 1900 నాటి పుస్తకంలో డొరొతీవి వెండి బూట్లు, కెంపుల బూట్లు 1939 సినిమావి.

కాబట్టి మొదట పాత ముద్రణ సంపాదించండి. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్, ఇంటర్నెట్ ఆర్కైవ్, వికీసోర్స్ వెబ్‌సైట్లలో చాలా ఉచితంగా దొరుకుతాయి. మీరు వాడబోయే పేర్లు, వేషాలు, డైలాగులు, మలుపులు ఒక కాగితం మీద రాసి, ప్రతిదాని పక్కనా ఆ పుస్తకంలోని పేజీ నంబరు వేయండి. దేనికి నంబరు దొరకలేదో అది ఇంకెవరిదో పొరలోంచి వచ్చిందన్నమాట, లేదా మీరే కల్పించి ఉంటారు. మీది కాకపోతే కొట్టేసి సొంతంగా ఇంకోటి రాయండి. నా దృష్టిలో మొత్తం పనిలో ఇదే ముఖ్యం. రచన బాగుపడేది కూడా ఇక్కడే.

తర్వాత హక్కు గడువు లెక్క. మన దేశంలో రచయిత పోయిన మరుసటి సంవత్సరం జనవరి 1 నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. గురజాడ 1915లో పోయారు కాబట్టి ఆయన రచనలు అందరివీ. శ్రీశ్రీ 1983లో పోయారు, ఆయన కవితలకు 2043 చివరి దాకా అనుమతి కావాలి. సినిమాలకు, రికార్డింగులకు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. యూరప్‌లో మామూలుగా మరణానంతరం 70 ఏళ్లు. అమెరికాలో పాత ప్రచురణలకు ప్రచురించిన ఏడాది నుంచి 95 ఏళ్ల లెక్క ఉంది. ఆన్‌లైన్‌లో పెట్టేది అన్ని దేశాల్లోనూ కనిపిస్తుంది, అందుకే నేను ఎక్కువ గడువున్న లెక్కనే పట్టుకుంటాను.

అనువాదం వేరే పొర. రష్యన్ కథకుడు చెహోవ్ 1904లో పోయారు, ఆయన రష్యన్ మూలం స్వేచ్ఛగా వాడుకోవచ్చు. దాన్ని తెలుగు చేసినవారు బతికే ఉంటే ఆ తెలుగు వాక్యాలు వారివి. అనువాదకుల కష్టాన్ని ఊరికే ఎత్తుకెళ్లడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. సంగీతమూ అంతే: బీథోవెన్ స్వరాలు అందరివీ, నిన్నమొన్న రికార్డు చేసిన ఆర్కెస్ట్రా ఆడియో మాత్రం కాదు.

కొందరు తమ రచనను ఇతరులు వాడుకోవడానికి షరతులతో ముందే అనుమతిస్తూ క్రియేటివ్ కామన్స్ అనే లైసెన్సు గుర్తు పెడతారు. ఆ గుర్తులో ఎన్‌డీ ఉంటే మార్చిన రూపాన్ని బయట పెట్టకూడదు. ఎన్‌సీ ఉంటే వాణిజ్యానికి వాడకూడదు. ఎస్‌ఏ ఉంటే మీ రచననూ అదే లైసెన్సుతో వదలాలి. "క్రెడిట్స్ టు ఓనర్" అని రాసినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. ఇతరుల పాటో సినిమా ముక్కో పది సెకన్ల లోపు వాడితే ఫర్వాలేదన్న రూలు కూడా మన చట్టంలో లేదు.

అనుమతి అడగాల్సి వస్తే ఏ భాగం, ఏ భాషలో, ఏ మాధ్యమంలో, ఎంతకాలం, డబ్బు వస్తే పంపకం ఎలా అన్నవి ఒక్క ఉత్తరంలోనే రాయండి. వారసులు ఇద్దరు ముగ్గురుంటే అందరి సంతకాలూ తీసుకోండి. జవాబు చేతికి వచ్చేదాకా రికార్డింగ్ మొదలుపెట్టకండి.