డాబా మీద పూల మొక్కలు: ఎండాకాలం సమస్యలు, పరిష్కారాలు

ఏప్రిల్‌లో మొక్క తల వాల్చగానే నీళ్లు పోసేస్తుంటాం. ముందు మట్టిలోకి రెండంగుళాలు వేలు గుచ్చి చూడండి. లోపల తడి ఉండీ వాడిందంటే ఎండ దెబ్బయినా కావచ్చు, వేరు కుళ్లయినా కావచ్చు. సాయంత్రం చల్లబడ్డాక మళ్లీ నిలబడితే ఎండ దెబ్బే, నీళ్లు పోయకండి.

కాగితపు పూలు: ఆకులు గుబురుగా ఉన్నాయి, పూత లేదు

రోజూ నీళ్లు, యూరియా లాంటి నత్రజని ఎరువులు, నీడ. కారణం సాధారణంగా ఈ మూడింట్లో ఒకటి. కనీసం ఆరు గంటలు ఎండ తగిలే చోట పెట్టండి. ఆకులు కాస్త వేలాడేదాకా నీళ్లు ఆపి, అప్పుడు కుండీ అడుగు నుంచి కారేలా పోయండి. పూత కొత్త చిగుళ్ల మీదే వస్తుంది కాబట్టి, ఒక విడత అయిపోగానే కొమ్మల చివర్లు కత్తిరించాలి. మనం రేకులనుకునేవి నిజానికి రంగు ఆకులు. అసలు పువ్వు మధ్యలో ఉండే చిన్న తెల్ల గొట్టం. అందుకే ఆ రంగు వారాల తరబడి నిలుస్తుంది.

ఒకే మొక్కకు తెలుపూ గులాబీ రంగూ పూస్తే టెన్షన్ పడకండి, మేరీ పామర్ రకం అందమే అది. తిమ్మ రకానికైతే ఆకు మధ్యలో పసుపు ఉంటుంది. దానికి పూర్తి పచ్చాకుల కొమ్మ వస్తే మొదట్లోనే కోసేయండి. అది బలంగా పెరిగి, పసుపు కొమ్మల్ని కప్పేస్తుంది.

మందారం: మొగ్గలు విచ్చకముందే రాలుతున్నాయి

రాలిన మొగ్గను విప్పి తెల్ల కాగితం మీద దులపండి. సన్నటి పురుగులు కదిలితే తామర పురుగు. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రవం కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. ఎండలో కొడితే ఆకులు మాడతాయి. పురుగు లేకపోతే, మట్టి ఒకరోజు పూర్తిగా ఎండిపోయి మరుసటి రోజు నానడమే చాలాసార్లు కారణం. ఉదయాన్నే నీళ్లు పోసి, మట్టి మీద ఎండుటాకులు పరవండి. హైబ్రిడ్ రకాలకు మధ్యాహ్నం నీడ కావాలి. మన నాటు ఎర్ర మందారం వాటికంటే గట్టిది.

అడీనియం (ఎడారి గులాబీ): కాండం అడుగున ఉబ్బిన దుంప మెత్తబడింది

మట్టి పొడిగా ఉండి దుంప ముడతలు పడితే దాహం, నీళ్లు చాలు. మట్టి తడిగా ఉండి దుంప ఒకచోట గోధుమ రంగుకు తిరిగితే కుళ్లు. మొక్కను పీకి, తెల్లటి గట్టి భాగం కనిపించేదాకా కోసి, వారం నీడలో ఆరబెట్టి, ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో నాటండి.

బిళ్ల గన్నేరు: తడి మట్టిలోనే వాలిపోయి, సాయంత్రానికీ లేవడం లేదు

ఇది వేరు కుళ్లు, మొక్క దక్కడం కష్టం. తీసేయండి. ఆ మట్టిని వేరే కుండీలో వాడకండి.