కూలింగ్ టవర్ లెక్కలు – మూడవ పాఠం: మే నెలలో ఎంత, ఆగస్టులో ఎంత?

గత పాఠంలో గాలి ఉష్ణోగ్రత, సాపేక్ష ఆర్ద్రత తెలిసినప్పుడు ఒక కిలో పొడిగాలి వెంట ఎంత నీటి ఆవిరి ఉంటుందో కనుక్కోవడం నేర్చుకున్నాం. ఈ పాఠంలో ఆ సంఖ్యను ఆధారం చేసుకుని, కూలింగ్ టవర్ (వేడినీటిని గాలికి తగిలించి చల్లబరిచే కట్టడం) గుండా ఎంత గాలి పోవాలి, ఎంత నీరు ఆవిరైపోతుంది, దాని స్థానంలో ఎంత కొత్త నీరు పోయాలి అన్న మూడు ప్రశ్నలకు ద్రవ్య తుల్యత, శక్తి తుల్యత (లోపలికి వచ్చినంతా బయటికి పోవాలి) అనే రెండు సమీకరణాలతోనే సమాధానం రాబట్టుదాం. చంద్రపూర్, బల్లార్షా, రాజురా ప్రాంతాల్లో విద్యుత్ కేంద్రంలోనో, కాగితం మిల్లులోనో, సిమెంటు ఫ్యాక్టరీలోనో పనిచేస్తూ, బడి చదువు మరాఠీలో సాగినా ఇంట్లో తెలుగు చదువుకునే యువతను దృష్టిలో ఉంచుకుని ఈ పాఠాలు రాస్తున్నాను కాబట్టి, లెక్కల్లోని వాతావరణాన్ని కూడా ఇక్కడి నుంచే తీసుకుంటున్నాను. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊళ్లలో టవర్ ప్రవర్తన చల్లని దేశాల ఉదాహరణల్లో కనిపించే ప్రవర్తనకు ఒక ముఖ్యమైన విషయంలో భిన్నంగా ఉంటుంది. ఆ భేదాన్ని అంకెల్లో చూడటమే ఈ పాఠంలో అసలు పని.

ఏ తుల్యత రాయాలన్నా ముందు బొమ్మ గీసి, దాని చుట్టూ ఒక సరిహద్దు గీత గీయాలి. నీరు పలచగా పరుచుకుని గాలికి తగిలేలా టవర్ లోపల అమర్చిన పలకలను ఫిల్ అని, చల్లబడిన నీరు చేరే తొట్టిని బేసిన్ అని అంటారు. మన గీత ఫిల్‌ను, ఫ్యాన్‌ను లోపల ఉంచుకుని, కింద ఉన్న బేసిన్‌ను బయట వదిలిపెట్టాలి. బేసిన్‌ను కూడా లోపలికి తెచ్చుకుంటే మేకప్ నీరు (పోయిన నీటి స్థానంలో పోసే కొత్త నీరు), బ్లోడౌన్ (లవణాలు పేరుకోకుండా బయటికి వదిలే నీరు) రెండూ గీతను దాటి వచ్చి లెక్కను అనవసరంగా చిక్కుపరుస్తాయి. వాటిని తరువాత వేరుగా చూసుకోవడం మేలు. అప్పుడు గీతను దాటేవి నాలుగే మిగులుతాయి: పైనుంచి వచ్చే వేడినీరు, కిందికి దిగే చల్లనీరు, లోపలికి వచ్చే గాలి, బయటికి పోయే గాలి. ఫ్యాన్ ఇచ్చే శక్తి, గోడల గుండా పోయే వేడి రెండూ, నీరు వదిలే వేడితో పోలిస్తే చాలా స్వల్పం కనుక వాటిని వదిలేస్తాం.

ఇక గుర్తులు. లోపలికి వచ్చేదానికి 1, బయటికి పోయేదానికి 2 అనుకుందాం. నీటి ప్రవాహం నీ₁, నీ₂. పొడిగాలి ప్రవాహం గా. కిలో పొడిగాలికి ఉన్న ఆవిరి కిలోల్లో ఆ₁, ఆ₂. కిలో పొడిగాలికి లెక్కించిన తేమగాలి ఎంథాల్పీ (అందులో ఉన్న వేడిశక్తి) ఎ₁, ఎ₂. నీటి ఎంథాల్పీ జ₁, జ₂. గాలికి 1, 2 అని రెండు ప్రవాహాలు ఎందుకు లేవని మీకు సందేహం రావాలి. తేమగాలి బరువు టవర్‌లో పెరుగుతూ పోతుంది, కానీ అందులోని పొడిగాలి ఎంత వచ్చిందో అంతే బయటికి పోతుంది. మారని ఆ పరిమాణాన్ని ఆధారంగా పట్టుకున్నందువల్లనే లెక్క రెండు వరుసల్లో ముగుస్తుంది. తడబడే విద్యార్థుల్లో ఎక్కువమంది ఇక్కడే, తేమగాలి బరువును ఆధారంగా తీసుకోవడం వల్లనే తడబడతారు.

నీటికి ద్రవ్య తుల్యత:

నీ₁ − నీ₂ = గా × (ఆ₂ − ఆ₁)

శక్తి తుల్యత:

నీ₁ × జ₁ − నీ₂ × జ₂ = గా × (ఎ₂ − ఎ₁)

మొదటి దాని నుంచి నీ₂ విలువను రెండవ దానిలో పెట్టి సర్దితే, మనం ప్రతి లెక్కలోనూ వాడుకోబోయే రూపం వస్తుంది:

నీ₁ × (జ₁ − జ₂) = గా × [(ఎ₂ − ఎ₁) − (ఆ₂ − ఆ₁) × జ₂]

కుడివైపున చివర ఉన్న పదాన్ని చిన్నదని వదిలేసే అలవాటు కొందరికి ఉంది. వదిలేస్తే గాలి లెక్కలో ఐదారు శాతం తేడా వస్తుంది; ఒక్క గుణకారంతో పోయే తేడాను ఉంచుకోవడం నాకు సమంజసంగా తోచదు.

తేమగాలి ఎంథాల్పీకి సూత్రం: ఎ = 1.005 × ఉ + ఆ × (2501 + 1.88 × ఉ). ఇక్కడ ఉ అంటే సెల్సియస్‌లో ఉష్ణోగ్రత, ఫలితం కిలోజౌళ్లలో వస్తుంది. నీటి ఎంథాల్పీకి ఉష్ణోగ్రతను 4.18తో గుణిస్తే చాలు. వాతావరణ పీడనం 101.3 కిలోపాస్కల్ అని తీసుకుంటున్నాను. చంద్రపూర్ సముద్రమట్టానికి సుమారు 190 మీటర్ల ఎత్తున ఉన్నందువల్ల అసలు పీడనం కొంచెం తక్కువ, దానివల్ల ఆర్ద్రత విలువలు (ఆ₁, ఆ₂) రెండు మూడు శాతం పెరుగుతాయి. పద్ధతి నేర్చుకునే దశలో ఆ సవరణ అవసరం లేదు.

ఇప్పుడు లెక్క. గంటకు 1000 టన్నుల నీరు 42 డిగ్రీల వద్ద టవర్‌లోకి వచ్చి 32 డిగ్రీలకు చల్లబడుతోంది. బయటికి పోయే గాలి 36 డిగ్రీల వద్ద సంతృప్తమై (ఇక ఆవిరిని పట్టుకోలేనంత తేమతో నిండి) ఉంది. మే నెల మధ్యాహ్నం లోపలికి వచ్చే గాలి 44 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత 20 శాతం.

44 డిగ్రీల వద్ద సంతృప్త ఆవిరి పీడనం 9.11 కిలోపాస్కల్, అందులో 20 శాతం 1.822. కనుక ఆ₁ = 0.622 × 1.822 ÷ (101.3 − 1.822) = 0.01139. దీన్ని సూత్రంలో పెడితే ఎ₁ = 73.65 వస్తుంది. బయటి గాలికి 36 డిగ్రీల వద్ద సంతృప్త పీడనం 5.947 కనుక ఆ₂ = 0.03879, ఎ₂ = 135.82. ఎంథాల్పీ తేడా 62.17, ఆర్ద్రత తేడా 0.0274. జ₂ విలువ 133.8 కనుక తీసివేయవలసింది 3.67, మిగిలేది 58.5 కిలోజౌళ్లు. నీరు గంటకు వదిలే వేడి 10,00,000 × 41.8, అంటే 4 కోట్ల 18 లక్షల కిలోజౌళ్లు. దీన్ని 58.5తో భాగిస్తే పొడిగాలి గంటకు 714.5 టన్నులు. దాన్ని 0.0274తో గుణిస్తే గంటకు 19.6 టన్నుల నీరు ఆవిరవుతోందని తేలుతుంది.

అదే టవర్‌కు ఆగస్టు నెల వేద్దాం. గాలి 30 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత 80 శాతం, మిగిలినవన్నీ యథాతథం. ఇదే వరుసలో ఆ₁ = 0.02158, ఎ₁ = 85.34 వస్తాయి. ఎంథాల్పీ తేడా 50.48, ఆర్ద్రత తేడా 0.01721, మిగిలేది 48.18. పొడిగాలి గంటకు 867.6 టన్నులు, ఆవిరయ్యే నీరు 14.9 టన్నులు.

ఈ రెండు ఫలితాల దగ్గర కొంతసేపు ఆగండి. నీరు వదిలిన వేడి రెండు నెలల్లోనూ ఒక్కటే అయినా, మే నెలలో ఆవిరి దాదాపు మూడో వంతు ఎక్కువ. కారణం గాలి ఉష్ణోగ్రతలో ఉంది. ఆగస్టులో గాలి 30 నుంచి 36కు వేడెక్కుతూ నీటి వేడిలో కొంత తానే మోసుకుపోతుంది. ఆ భాగం గంటకు సుమారు 54 లక్షల కిలోజౌళ్లు. మిగిలిన 3 కోట్ల 64 లక్షలు మాత్రమే ఆవిరి కావడానికి ఖర్చవుతాయి. మే నెలలో గాలి 44 వద్ద వచ్చి 36 వద్ద బయటికి పోతోంది, అంటే గాలి కూడా చల్లబడుతోంది. అది వదిలిన 59 లక్షల కిలోజౌళ్లు నీరు వదిలిన వేడికి తోడవుతాయి, ఆ మొత్తం భారం ఆవిరి మీదే పడుతుంది. విదర్భలో వేసవి వస్తే ప్రతి ఇంటి కిటికీకి బిగించే కూలర్‌లో జరిగేది కూడా ఇదే: వేడిగాలి తన వేడిని తడి గడ్డికి ఇచ్చి చల్లబడుతుంది, ఆ వేడికి నీరు ఆవిరవుతుంది. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2430 కిలోజౌళ్లు కావాలని గుర్తుపెట్టుకుని, మే నెలకు 4 కోట్ల 77 లక్షలను, ఆగస్టుకు 3 కోట్ల 64 లక్షలను భాగించి చూడండి, 19.6, 15.0 టన్నులు వస్తాయి. వేరే దారిన వచ్చిన సమాధానం మొదటిదానితో కలిసిందంటే లెక్కను నమ్మవచ్చు.

ప్లాంట్లలో ఒక ఉజ్జాయింపు సూత్రం వాడుకలో ఉంది: ప్రసరణ నీటిని (టవర్ గుండా తిరిగే నీటిని) ఉష్ణోగ్రత తగ్గుదలతో, 0.00153తో గుణిస్తే ఆవిరి వస్తుందని. మన టవర్‌కు అది 15.3 టన్నులు చెబుతుంది. ఆగస్టుకు అది చక్కగా సరిపోతుంది; మే నెలకు నాలుగు టన్నులకు పైగా తక్కువ చెబుతుంది. నీరు సమృద్ధిగా ఉన్న నెలలో సరైన అంకె ఇచ్చి, నీటికి కటకటగా ఉన్న నెలలో తక్కువ చూపే సూత్రాన్ని ఈ ప్రాంతంలో వేసవి నీటి అంచనాకు వాడకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఎరయీ జలాశయం విద్యుత్ కేంద్రానికి, చంద్రపూర్ పట్టణానికి కూడా నీరిస్తుందని తెలిసినవారికి ఆ నాలుగు టన్నుల విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంకొక విషయం గమనించండి. మే నెల గాలి తడి బల్బు ఉష్ణోగ్రత (బల్బుకు తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపేది; టవర్‌లో నీరు అంతకంటే చల్లబడలేదు) సుమారు 24.5, ఆగస్టు గాలిది 27. నీటిని 32కు దించడం టవర్‌కు ఎండాకాలంలో కంటే వానాకాలంలోనే కష్టం. అందుకే ఆగస్టులో గాలి ఎక్కువ కావలసి వచ్చింది. ఎండ చూసి టవర్ సతమతమవుతోందని, వాన చూసి సుఖంగా ఉందని అనుకోవడం పొరపాటు. తడి బల్బును టవర్‌కు గాలి వచ్చే వైపున, కొంత దూరంలో నిలబడి కొలవాలి. టవర్ వదిలిన తడిగాలి మళ్లీ లోపలికి చుట్టి వచ్చే చోట కొలిస్తే ఆ₁ విలువ తప్పుతుంది, దాని వెంట మిగిలిన అంకెలన్నీ తప్పుతాయి.

ఇప్పుడు బయట వదిలిన బేసిన్ దగ్గరికి వద్దాం. ఆవిరి స్వచ్ఛమైన నీటినే తీసుకుపోతుంది, లవణాలు వెనుకే మిగులుతాయి. ప్రసరణ నీటిలో లవణాల గాఢత మేకప్ నీటి కంటే ఐదు రెట్లకు మించకూడదని నిర్ణయించుకుంటే, లోపలికి వచ్చిన లవణం అంతా బ్లోడౌన్, డ్రిఫ్ట్ (గాలి వెంట తుంపరలుగా కొట్టుకుపోయే నీరు) రూపంలో బయటికి పోవాలి. కనుక మేకప్ నీరు ఆ రెండింటి మొత్తానికి ఐదు రెట్లు. మేకప్ నీరంటే ఆవిరి, బ్లోడౌన్, డ్రిఫ్ట్ మూడూ కలిపిన మొత్తం కనుక బ్లోడౌన్, డ్రిఫ్ట్ కలిసి ఆవిరిలో నాలుగో వంతు. మే నెలకు అది 4.9 టన్నులు. డ్రిఫ్ట్ ప్రసరణలో 0.02 శాతం, అంటే 0.2 టన్నులు అనుకుంటే బ్లోడౌన్ 4.7 టన్నులు, మేకప్ గంటకు 24.5 టన్నులు. ఆగస్టుకు మేకప్ సుమారు 18.7 టన్నులు. రోజుకు చూస్తే తేడా 140 టన్నుల దగ్గర ఉంటుంది. అయితే రాత్రి గాలి 44 డిగ్రీలు ఉండదు కనుక అసలు తేడా కోసం గంట గంటకూ లెక్క వేయాలి.

ఈ లెక్కలో ఒక అంకెను మనం ఊహించుకున్నాం: బయటికి పోయే గాలి 36 డిగ్రీల వద్ద సంతృప్తమై ఉందని. నడుస్తున్న టవర్‌లో దాన్ని కొలవవచ్చు, కానీ కట్టబోయే టవర్‌లో అది ఎంత ఉంటుందో తుల్యతలు చెప్పలేవు. దానికి ఫిల్ ఎంత ఎత్తు ఉండాలో, నీటి నుంచి గాలికి వేడి ఏ వేగంతో మారుతుందో తెలియాలి. 1925లో జర్మన్ ఇంజనీరు మెర్కెల్ ఇచ్చిన పద్ధతితో ఆ పని వచ్చే పాఠంలో చేద్దాం.

అంతవరకు ఈ అభ్యాసం చేయండి. డిసెంబరు ఉదయం గాలి 15 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత 60 శాతం. గంటకు 1000 టన్నుల నీరు 35 నుంచి 25 డిగ్రీలకు చల్లబడుతోంది. బయటి గాలి 28 డిగ్రీల వద్ద సంతృప్తం. సంతృప్త పీడనం 15 డిగ్రీల వద్ద 1.705, 28 డిగ్రీల వద్ద 3.782 కిలోపాస్కల్. పొడిగాలి గంటకు సుమారు 736 టన్నులు, ఆవిరి 13.1 టన్నులు రావాలి. అంకెలు కలవకపోతే ముందుగా జ₂ విలువను చూడండి; ఈసారి అది 133.8 కాదు, 104.5.