సింకో డె మాయో రాత్రి కారు ఇంటి దగ్గరే ఉండాలి

మొన్న మార్చిలో హోలీ విందు ముగించుకొని తిరిగి వస్తున్న ముగ్గురు తెలుగు విద్యార్థుల కారు, డాలస్ శివార్లలో మేము ఉండే అపార్ట్‌మెంట్లకు అరమైలు దూరంలోని కూడలి దగ్గర సిగ్నల్ స్తంభాన్ని గుద్దుకుంది. వెనుక సీట్లో కూర్చున్న అమ్మాయికి తుంటి ఎముక విరిగింది. నడిపిన అబ్బాయి ఒంటి మీద గీత కూడా పడలేదు గానీ, ఆ రాత్రే అతని చేతులకు బేడీలు పడ్డాయి. మూడోవాడు ఆసుపత్రి వరండాలో నా చేయి పట్టుకొని, “రెండే తాగాడన్నా, మాట కూడా తడబడలేదు” అని ఒకే మాట మళ్లీమళ్లీ చెప్పాడు. పద్నాలుగేళ్లుగా ఇక్కడ ఉంటున్న నేను ఆ మాటను పోలీసు స్టేషన్ల బయటా లాయర్ల గదుల్లోనూ ఎన్నోసార్లు విన్నాను. మే 5 దగ్గర పడుతోంది. సెమిస్టర్ పరీక్షలు, పట్టా ప్రదానోత్సవాలు, ఓపీటీ కార్డు (చదువు అయ్యాక కొంతకాలం పని చేసే అనుమతి) కోసం ఎదురుచూపులు అన్నీ సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తాయి కాబట్టి, ఈసారి ముందుగానే రాస్తున్నాను.

మొదట పండుగ సంగతి చెబుతాను. సింకో డె మాయో అంటే స్పానిష్‌లో మే 5 అని మాత్రమే అర్థం. అది మెక్సికో స్వాతంత్ర్య దినం కాదు. స్వాతంత్ర్య దినం సెప్టెంబర్ 16. 1810లో ఆ తేదీన డొలోరెస్ అనే ఊళ్లో మిగెల్ ఇడాల్గో అనే మతగురువు తిరుగుబాటుకు పిలుపునిచ్చాడు. మే 5 నాడు తలచుకునేది 1862లో ప్యూబ్లా నగరం దగ్గర జరిగిన యుద్ధాన్ని. అప్పుల వాయిదాలు ఆపేశారన్న సాకుతో మూడవ నెపోలియన్ పంపిన ఫ్రెంచి సేనను, టెక్సాస్‌లోని నేటి గోలియాడ్ దగ్గర పుట్టిన 33 ఏళ్ల సేనాపతి ఇగ్నాసియో సరగోసా నాయకత్వంలో, ఆయుధాల్లో తమకంటే బలమైన శత్రువునే మెక్సికన్లు ఆ రోజు వెనక్కి తరిమారు. ఆ గెలుపుతో యుద్ధం ముగిసిపోలేదు. మరుసటి ఏడాదే ఫ్రెంచివారు ప్యూబ్లాను పట్టుకున్నారు, 1864లో ఆస్ట్రియా రాకుమారుడు మాక్సిమిలియన్‌ను చక్రవర్తిగా నిలబెట్టారు, గణతంత్రం తిరిగి నిలదొక్కుకునే సరికి 1867 వచ్చింది. మెక్సికోలో ఈ రోజును ఘనంగా జరుపుకొనేది ముఖ్యంగా ప్యూబ్లాలోనే. అమెరికాలో దీన్ని అంతర్యుద్ధ కాలంలో కాలిఫోర్నియాలోని మెక్సికన్లు మొదలుపెట్టారు. 1980ల నుంచి బీరు, మద్యం కంపెనీల ప్రకటనలు దాన్ని తాగుడు పండుగగా మార్చేశాయి.

అందుకని మనం అసలు జరుపుకోకూడదా అని అడిగేవారికి, నిస్సంకోచంగా జరుపుకోండి అనే నా జవాబు. మీ వీధిలో మెక్సికన్ కుటుంబం నడిపే హోటల్‌కు వెళ్లండి. ఎండుమిర్చి, నువ్వులు, చాక్లెట్ కలిపి ప్యూబ్లాలో చేసే మోలే పోబ్లానో దొరికితే తినండి. ఆ ముద్దకూరలో మన మసాలా నూరిన వాసనే వస్తుంది. అతికించుకున్న మీసం, గంపంత సొంబ్రేరో టోపీ, వెక్కిరింపు యాస మాత్రం వద్దు. మన లుంగీని, మన ఇంగ్లిష్ ఉచ్చారణను ఎవరైనా పార్టీ వేషంగా వేసుకొస్తే మనకెలా ఉంటుందో వారికీ అలాగే ఉంటుంది. ఊరేగింపు చూడాలనుకుంటే అది జరుగుతోందో లేదో ముందే కనుక్కోండి, ఎందుకంటే వలస అధికారుల దాడుల భయంతో 2025లో షికాగో, ఫిలడెల్ఫియా నగరాల్లో ఈ ఉత్సవాలను నిర్వాహకులే రద్దు చేసుకున్నారు.

ఇక అసలు విషయానికి వస్తాను. సీటు బెల్టు పెట్టుకోండి, ఖాళీ కడుపుతో తాగకండి వంటివి మీకు తెలిసినవే కనుక వాటి జోలికి పోను. నేను కళ్లారా చూసిన ప్రతి కేసులోనూ తప్పు ఒకటే: పార్టీకి కారు తీసుకెళ్లడం. తాగి నడపకూడదని వాళ్లందరికీ తెలుసు, ఎవరూ తాగి నడపాలని బయలుదేరలేదు. ఎలా తిరిగి రావాలన్న నిర్ణయాన్ని తాగిన తర్వాత తీసుకోవచ్చులే అనుకున్నారు, అంతే. రాత్రి పదకొండు గంటలకు కారు తాళం జేబులో ఉన్నప్పుడు, ఇల్లు రెండు మైళ్లే ఉన్నప్పుడు, ఊబర్ మామూలుకంటే మూడింతలు చూపిస్తున్నప్పుడు, రెండు గ్లాసులు తాగిన మెదడు చేసే లెక్క ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఆ లెక్కను మెదడు తేటగా ఉన్న సాయంత్రం ఆరు గంటలకే చేసి, తాళాలు ఇంట్లో పెట్టి బయలుదేరాలి.

“రెండే” అన్న మాటలోని మోసం గ్లాసులో ఉంది. అంచుకు ఉప్పు రాసి, పుల్లగా తియ్యగా, మన నిమ్మసోడాలా గొంతులోకి జారిపోయే మార్గరీటాలో సుమారు 60 మిల్లీలీటర్ల టెకిలా, 30 మిల్లీలీటర్ల నారింజ లిక్కర్ పోస్తారనుకుందాం. రెండూ 40 శాతం ఘాటువైతే, మన దగ్గర చిన్న పెగ్గు అంటే 30 మిల్లీలీటర్లు కాబట్టి, మన లెక్కలో ఆ ఒక్క గ్లాసు మూడు పెగ్గులు. అమెరికా ఆరోగ్య శాఖ ఒక ప్రమాణ డ్రింకు అంటే 14 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్ అంటుంది. ఈ గ్లాసులో దానికి రెట్టింపు ఉంది. కాబట్టి “రెండే తాగాను” అన్నవాడు నాలుగు తాగాడు. గంటకు ఇంచుమించు ఒక ప్రమాణ డ్రింకును మాత్రమే అరాయించుకోగలిగే శరీరం వాటిని వదిలించుకోవడానికి నాలుగు గంటలకు పైగా తీసుకుంటుంది. కాఫీ, చన్నీటి స్నానం, పెరుగన్నం వంటివేవీ ఆ గడియారాన్ని ముందుకు తిప్పలేవు. మాట తడబడకపోవడం దేనికీ రుజువు కాదు. పోలీసు కొలిచేది మాటను కాదు, రక్తంలోని ఆల్కహాల్ శాతాన్ని. ఆ పరిమితి దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ 0.08, యూటాలో 0.05. ఇది జైలుకూ జరిమానాకూ మాత్రమే సంబంధించిన ముచ్చట కాదని కూడా చెప్పాలి: 2023 ఒక్క ఏడాదిలో ఈ దేశంలో తాగి నడిపిన ప్రమాదాల్లో 12,429 మంది చనిపోయారు.

వీసా మీద ఉన్నవారికి ఇంకో లోతు ఉంది. తాగి నడిపిన కేసులో అరెస్టయితే చాలు, కోర్టు తీర్పు కోసం ఎదురుచూడకుండానే వీసాను రద్దు చేసే విధానాన్ని అమెరికా విదేశాంగ శాఖ 2015 నుంచి అనుసరిస్తోంది. నాకు తెలిసిన గుంటూరు జిల్లా కుర్రవాడొకడు ఇలాగే మే 5 రాత్రి, హెడ్‌లైట్లు వేయడం మరచిపోయి, ఇంటికి మలుపు తిరిగేచోట పోలీసు ఆపితే ఆగాల్సి వచ్చింది. ఊపిరి పరీక్ష యంత్రంలో 0.09 చూపించింది. ఒక రాత్రి లాకప్‌లో గడిపి వచ్చి, అంతటితో పోయిందనుకున్నాడు. కొన్ని వారాల తర్వాత కాన్సులేట్ నుంచి వచ్చిన ఈమెయిల్ స్పామ్‌లో పడి ఉండగా నేనే అతని ఫోన్‌లో తెరిచి చూపించాను. అందులో ఉన్నవి నాలుగైదు వాక్యాలే. వీసా రద్దయినంత మాత్రాన చదువు వెంటనే ఆగిపోనక్కరలేదు. కానీ దేశం దాటితే మళ్లీ కొత్త వీసా తెచ్చుకోవాలి, దరఖాస్తులో అరెస్టు సంగతి రాయాలి, కాన్సులేట్ గుర్తించిన వైద్యుల దగ్గర మద్యం అలవాటు గురించి పరీక్ష చేయించుకోవాలి, ఆ పైన ఇస్తారన్న భరోసా లేదు. శ్రావణంలో జరిగిన చెల్లెలి పెళ్లిని అతను లాప్‌టాప్‌లో చూశాడు, తలంబ్రాల వేళకు నెట్ ఆగిపోయింది. 2025 వసంతంలోనైతే, కొట్టేసిన కేసులూ చిన్నపాటి ట్రాఫిక్ కేసులూ ఉన్న విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుంచే ప్రభుత్వ డేటాబేస్) రికార్డులను కూడా వేల సంఖ్యలో మూసేశారు. కోర్టుల్లో దావాలు పడ్డాకే వాటిని తిరిగి తెరిచారు.

అందుకే మళ్లీ చెబుతున్నాను, పార్టీకి కారు తీసుకెళ్లకండి. తాగని స్నేహితుడు నడుపుతానంటే అతని కారులోనే వెళ్లండి, మీది వద్దు. ఆ స్నేహితుడు ఒక్క బీరు తాగినా ఆ రోజుకు అతను డ్రైవర్ కాదు. “నేను బాగానే ఉన్నాను” అన్నవాడి పక్క సీట్లో కూర్చోకండి; మార్చిలో తుంటి విరిగిన అమ్మాయి ఒక్క చుక్క కూడా తాగలేదు. తిరుగు ప్రయాణానికి ఊబర్ డబ్బు ముందే పక్కన పెట్టండి, ఎంత పడినా లాయరు ఫీజు ముందు అది ఏపాటిదీ కాదు. పార్టీ ఇచ్చేవారు ఇద్దరికి పరుపులు వేసి ఉంచండి. జగ్గుతో పోసే మార్గరీటా తాగకండి, దానిలో ఎంత ఉందో పోసినవాడికే తెలియదు. 21 ఏళ్లు నిండనివారికి పోయకండి. పోసినవారి మీదా కేసు పడుతుంది. తెరిచిన సీసా కారులో పెట్టకండి. మత్తు దిగేదాకా కారులోనే పడుకుంటానని డ్రైవర్ సీట్లోకి ఎక్కకండి, ఇంజిన్ కదలకపోయినా చాలా రాష్ట్రాల్లో దాన్నీ నడపడం కిందే లెక్కగడతారు. మరుసటి ఉదయం ఎనిమిదింటికి పరీక్ష ఉంటే బస్సులో వెళ్లండి. రాత్రి రెండింటికి చివరి గ్లాసు తాగినవాడి రక్తం తెల్లారేసరికి శుభ్రపడదు. పోలీసు ఆపితే పారిపోకండి, వాదించకండి, అబద్ధం ఆడకండి, లాయరు కావాలని అడగండి. ఊపిరి పరీక్ష వద్దంటే తప్పించుకున్నట్టే అనుకోకండి, నిరాకరించినందుకే లైసెన్సు నిలిపేసే చట్టాలు ఉన్నాయి. అరెస్టయితే ఇంట్లో దాచినా యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల అధికారి దగ్గర దాచకండి. ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడకుండా నేరం ఒప్పుకొనే కాగితం మీద సంతకం పెట్టకండి, ఇండియాకు టికెట్ కొనకండి. స్పామ్ ఫోల్డర్ రోజూ చూడండి. మే 5 సాయంత్రం బయలుదేరే ముందు కారు తాళాలను గదిలో ఉండిపోయే స్నేహితుడి చేతికిచ్చి, తెల్లారేదాకా ఎంత అడిగినా ఇవ్వవద్దని అతనికి చెప్పండి.