హైదరాబాద్‌లో మోర్‌పంఖిని పచ్చగా నిలుపుకోవడం ఎలా?

మన నర్సరీల్లో మోర్‌పంఖి పేరుతో దొరికే మొక్క చైనా, కొరియా, రష్యా తూర్పు ప్రాంతాలకు చెందిన సతతహరిత కోనిఫర్, అంటే పూలకు బదులు శంకువులు కాసే చెట్టు. దీని శాస్త్రీయ నామం ప్లాటిక్లాడస్ ఓరియంటాలిస్. 1753లో లిన్నేయస్ దీనిని థూజా ప్రజాతిలో చేర్చినందువల్ల ఆ పాత పేరు కూడా ఇంకా వాడుకలో ఉంది. ఇది చలినే కాక ఎండను, నీటి ఎద్దడిని కూడా ఓర్చుకోగలదు కాబట్టే, హిమాలయాల దేవదారు బతకలేని మన వేడిలోనూ నిలదొక్కుకుంటుంది.

కొనేముందు రెమ్మను పరిశీలించండి. ఆకులు పొలుసుల్లా రెమ్మకు అంటుకొని ఉంటాయి. ఆ రెమ్మలు విసనకర్రను నిలబెట్టినట్లు నిలువుగా పెరుగుతాయి. అసలైన థూజాల రెమ్మలు అడ్డంగా పరుచుకుంటాయి. కాయల్లా కనిపించే శంకువులు రెండు సెంటీమీటర్ల పొడవుతో, లేతగా ఉన్నప్పుడు నీలిబూడిద రంగులో, పొలుసుల చివర చిన్న కొక్కేలతో ఉంటాయి. లోపలి గింజలకు రెక్కలు ఉండవు.

నాటడానికి తొలకరి మంచి సమయం. ఎర్రమట్టిలో మూడో వంతు ఇసుక, కొంత బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, అడుగున రంధ్రాలున్న పెద్ద కుండీలో నాటాలి. పెరట్లో నాటేటట్లయితే ముందు గొయ్యి తవ్వి, నీళ్లు పోసి, అవి ఇంకుతున్నాయో లేదో చూడాలి. నగరంలో చాలాచోట్ల కొద్ది అడుగుల లోతులోనే రాయి తగులుతుంది కాబట్టి, ఆషాఢ శ్రావణాల్లో వాననీరు అక్కడే నిలిచి వేళ్లు కుళ్లిపోతాయి.

నా అనుభవంలో ఈ మొక్క ఎండకంటే అతి నీటివల్లే ఎక్కువగా చనిపోతుంది. వేళ్లు కుళ్లినా, దాహంతో ఎండినా పైకి కనిపించే లక్షణం ఒకటే, రెమ్మలు గోధుమ రంగుకు తిరగడం. దానిని చూసి కంగారుపడి మరిన్ని నీళ్లు పోసేవారే ఎక్కువ. వేలు రెండు అంగుళాల లోతుకు దించి, అక్కడ మట్టి పొడిగా తగిలితేనే నీళ్లు పోయండి. ఏప్రిల్, మే నెలల్లో డాబా మీది కుండీకి రోజూ అవసరం కావచ్చు, వానాకాలంలో అసలు అవసరం లేకపోవచ్చు. నీడలో పెడితే గుబురు పలచబడుతుంది కనుక రోజుకు కనీసం ఐదారు గంటల ఎండ తగలనివ్వండి. వేసవిలో ఆకులు దుమ్ము పట్టినట్లు వెలిసిపోయి, మధ్యలో సన్నని గూళ్లు కనిపిస్తే అది ఎర్రనల్లి అనే, రసం పీల్చే చిన్న పురుగు. గొట్టంతో నీటిని ధారగా కొట్టి, సాయంత్రం వేళ లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి పిచికారీ చేయాలి.

కత్తిరింపులో తొందర పనికిరాదు. పచ్చని రెమ్మల చివరలను మాత్రమే కొద్దికొద్దిగా తుంచాలి. ఆకులు రాలి బోడిగా మారిన పాత కొమ్మ వరకు కోస్తే అక్కడ మళ్లీ చిగురు రావడం చాలా అరుదు. ఒకసారి గేటుకు అడ్డొస్తోందని మా మొక్కను ఒకవైపు లోతుగా కోయించాను. ఆ ఖాళీ నేటికీ పూడలేదు, చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది. లోపలివైపు పాత ఆకులు మాత్రం సహజంగానే ఎండి రాలుతాయి, వాటికి భయపడనక్కరలేదు.

మనకు దీని ప్రధాన ఉపయోగం కంచెగా, గాలికీ దుమ్ముకూ అడ్డుగా. వరుసగా నాటేటప్పుడు మొక్కకూ మొక్కకూ మధ్య కనీసం మూడడుగులు వదలాలి. చైనాలో దీని కలపను బౌద్ధాలయాల నిర్మాణానికి, పొట్టును ధూపానికి వాడతారు. ఆకులూ గింజలూ అక్కడి సంప్రదాయ వైద్యంలో ఉన్నాయి. అయితే ఆకుల తైలంలో థుజోన్ అనే పదార్థం ఉంటుంది, అది మోతాదు మించితే మూర్ఛలు తెప్పించగలదు. అందువల్ల ఇంట్లో కషాయం కాచుకోవద్దు, పిల్లలు పుస్తకాల్లో దాచుకునే రెమ్మలను నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి.